మూడంతస్తుల తేడా

పొద్దున్నే గది తాళం తీయగానే ఆయన చేసే మొదటి పని గడియారానికి చెయ్యి ఆనించడం. చంటిపిల్లకు జ్వరం తగిలిందేమోనని తల్లి నుదురు తాకి చూసినట్టు, మణికట్టు వెనక భాగాన్ని ఆ ఇనుప పెట్టెకు ఆనించి, కళ్ళు మూసుకుని, "ఇవాళ కూడా అందరినీ చల్లగా చూడు స్వామీ" అనుకునేవాడు. ఆ అందరిలో భార్య, ఆఫీసులో పనిచేసేవాళ్ళు, దారిలో పలకరించిన వాళ్ళు వరసగా వచ్చేవారు. అందరూ అయ్యాకే కుర్చీ లాక్కుని రిజిస్టరు తెరిచేవాడు.

గడియారం అన్నామే గానీ దానికి ముళ్ళు లేవు, టిక్కుమనే చప్పుడూ లేదు. చిన్న బీరువా అంత పెట్టె, దాని ముఖాన ఆకుపచ్చ అంకెలు, అంతే. చూడ్డానికి వచ్చినవాళ్ళు "ఇదేనా" అని నీరసపడేవారు. లక్షల ఏళ్ళు తిరిగినా సెకను తప్పని గడియారమని చెప్తే అప్పుడు రెండడుగులు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని చూసేవారు. దాన్ని ఇరవై రెండేళ్ళుగా కనిపెట్టుకుని ఉన్నందుకు ఆఫీసంతా ఆయన్ని గడియారం బాబాయి అని పిలిచేది. జీతాల కాగితం మీద తప్ప అసలు పేరు ఇంకెక్కడా వినపడేది కాదు.

ఆ ఆఫీసు ఒక కొండ మీద ఉంది. ఒకప్పుడు నక్షత్రాలను చూడడానికి కట్టిన మూడంతస్తుల భవనం. పైన గుండ్రటి కప్పు, కప్పు కింద మనిషి నిలువంత అద్దం. ఇప్పుడా అద్దం నక్షత్రాల కోసం కాదు, పైనుంచి పోయే ఒక ఉపగ్రహం కోసం చూస్తోంది. ఆ ఉపగ్రహం వెలుగు కణాలను రెండేసి చొప్పున పుట్టిస్తుంది. పుట్టిన జతలో ఒకటి ఈ కొండకు, రెండోది కింద మైదానంలో ఉన్న ఇంకో ఆఫీసుకు వస్తాయి. రెండింటికీ మధ్య కబురు మోసేవాళ్ళు ఎవరూ ఉండరు. అయినా ఇక్కడ దీన్ని ఒక ప్రశ్న అడిగి, అక్కడ దాన్ని అదే ప్రశ్న అడిగితే జవాబులు కుదురుతాయి. ఆ కుదురుబాటుతోనే, మధ్యలో ఎవరూ దొంగచాటుగా వినలేని రహస్యపు తాళాలు తయారుచేయవచ్చునట.

చిక్కల్లా ఒక్కటే. వేలకు వేల కణాలు వచ్చి పడుతుంటే ఏది దేనికి తోడబుట్టిందో ఎలా తెలుస్తుంది? దానికి బాబాయి చెప్పే మాట ఒకటుంది. "పేర్లు పెట్టని కవల పిల్లలమ్మా వాళ్ళు. ఒకణ్ణి ఒక ఊళ్ళో, ఇంకొకణ్ణి ఇంకో ఊళ్ళో వదిలేశారు. చేరిన ఘడియ ఒక్కటే గుర్తు. ఆ ఘడియ రాసుకోవడంలో ఇసుమంత తేడా వచ్చిందా, ఎవరి తమ్ముణ్ణో తీసుకొచ్చి ఎవరి పక్కనో కూర్చోబెడతాం. వాళ్ళు ఒకరినొకరు ఎరగనట్టు చూస్తారు."

ఇంకో చిక్కు కూడా ఉంది, అది భూమి పెట్టిన చిక్కు. భూమికి దగ్గరగా ఉన్న గడియారం నెమ్మదిగా నడుస్తుంది, ఎత్తున ఉన్నది వడిగా నడుస్తుంది. మర తప్పు కాదు, కాలమే అలా నడుస్తుంది. ఈ కొండ మైదానం కన్నా పదిహేను వందల మీటర్లు ఎత్తు. సెకనును వంద కోట్ల ముక్కలు చేస్తే, అలాంటి ముక్కలు పద్నాలుగు చొప్పున కొండ మీది గడియారం రోజూ ముందుకు పోతుంది. ఆ పద్నాలుగు చిల్లరను లెక్కకట్టి రోజూ తీసేయడమే బాబాయి పని. రిజిస్టరులో అందుకు ఒక గడి ఉంది: గడియారం ఉన్న ఎత్తు. ఆ గడిలో ఇరవై రెండేళ్ళుగా ఆయన ఒకే అంకె వేస్తున్నాడు. చెయ్యి దానంతట అదే వేసేది. కంటికి పనే లేదు.

గడియారం ముందునుంచీ మూడో అంతస్తులో, అద్దం పక్క గదిలో ఉండేది. బాబాయి మోకాళ్ళు పాడైంది ఈ మధ్యనే. మెట్లు యాభై ఎనిమిది. ఎక్కేటప్పుడు రెండు చోట్ల ఆగి, గోడనున్న నోటీసులు చదువుతున్నట్టు నటించేవాడు. ఆ నటన ఒక్క అద్దాలమ్మ కనిపెట్టింది. పెద్ద అద్దాన్ని శుభ్రం చేసే ఆవిడ, ముప్పై ఐదేళ్ళ మనిషి. ఆవిడకు ముందు ఆ పని చేసింది ఆవిడ అత్తగారు. ముప్పై ఏళ్ళలో అద్దం మీద గీత పడనివ్వలేదని పేరు. కోడలికి చెయ్యి పట్టుకుని నేర్పి, తన దూది డబ్బా చేతికిచ్చి మరీ ఇంట్లో కూర్చుందట. ఆ కోడలు ఒకరోజు ఎవరికీ చెప్పకుండా రెండో అంతస్తు మలుపులో ఒక స్టూలు వేసి, దాని మీద గోనెసంచి మడిచి పెట్టింది.

"ఇదెవరికమ్మా?" అని అడిగాడు బాబాయి.

"నోటీసులు చదువుకునేవాళ్ళకి" అంది ఆవిడ.

స్టూలు ఉన్నా మెట్లు మెట్లే. చివరికి ఒకనాడు బాబాయి కాగితం పెట్టాడు. పై గది వేడెక్కుతోంది, గడియారానికి మంచిది కాదు, కింద నేలమట్టాన ఉన్న గదిలోకి మార్చాలి అని. రెండేళ్ళ కిందట ఎండాకాలంలో రెండు రోజులు ఆ గది వేడెక్కిన మాట నిజమే. ఆ రెండు రోజులనే పట్టుకుని రాశాడు. బాబాయి రాశాడంటే ఆలోచించి రాసి ఉంటాడని ఇన్‌చార్జి చదవకుండానే సంతకం చేశాడు. నలుగురు మనుషులు వచ్చి, పెట్టె వంగకుండా కిందికి దించారు. మర్నాడు అద్దాలమ్మ స్టూలు చంకన పెట్టుకుని దిగుతూ, "గడియారానికి వేడా బాబాయిగారూ, మోకాళ్ళకా?" అని నవ్వింది. ఆయనా నవ్వాడు. ఆ మాట ఆవిడ ఇంకెవరి దగ్గరా అనలేదు.

మొదటి వారం ఏమీ తెలియలేదు. రెండో వారం సగం గడిచేసరికి వెయ్యి జతలు కుదిరే చోట ఆరు వందలే కుదురుతున్నాయి. వారం తిరిగేసరికి అవి మూడు వందలకు దిగాయి. అప్పటికి అక్కడ ఒక మేడమ్ వచ్చి ఉంది. భూమి ఆకర్షణ ఈ జతల పొత్తును ఏమైనా సడలిస్తుందా అన్నది ఆవిడ పరిశోధన. ఇన్నాళ్ళూ ఎవరికీ అందని సంగతి అది. అంకెలు పడిపోతుంటే ఆవిడ కళ్ళలో ఒక వెలుగూ, దాని వెనకే ఒక భయమూ కనిపించాయి. "తప్పు భూమి మీదికి నెట్టేముందు మన ఇల్లు మనం చిమ్ముకోవాలి" అని, అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టింది.

"అద్దం మీద జిడ్డు పొర ఉంటే కణం ఊగే దిక్కు మారిపోతుంది. అప్పుడు జవాబులు కుదరవు" అన్నాడు ఇన్‌చార్జి. "ఈ నెల్లో ఏమైనా మార్చారా?"

ఎవరూ మాట్లాడకముందే అద్దాలమ్మ లేచింది. "కొత్త దూది వచ్చింది సార్. పాతదానికన్నా కాస్త జిడ్డుగా ఉందని మొదటిరోజే చెప్పాను."

"జిడ్డుగా ఉందని తెలిసీ తుడిచావా?"

"ఉడకబెట్టి, ఎండబెట్టి తుడిచాను సార్. మా అత్త అలాగే చేసేది."

"అంటే నీకు తోచినట్టు చేశావన్నమాట."

ఆవిడ కూర్చుంది. ఇన్‌చార్జి బాబాయి వైపు తిరిగి, వరసకు అడగాలి గనక అడిగినట్టు, "గడియారం సంగతేంటి బాబాయిగారూ?" అన్నాడు.

"గడియారం గడియారంలాగే ఉంది బాబూ" అన్నాడాయన.

ఆ మాట అన్నప్పుడు ఆయన అబద్ధమాడలేదు. అలాగే ఉందనే నమ్మాడు. గదిని మార్చిన సంగతి అందరికీ తెలిసిందే గనక అది మార్పని ఎవరికీ తోచలేదు, ఆయనకూ తోచలేదు. ఆ సాయంత్రానికి అద్దాలమ్మ చేతిలోంచి పై గది తాళం తీసుకున్నారు. స్టోరులో డబ్బాలకు చీటీలు అంటించే పని అప్పగించారు. అద్దాన్ని బయటివాళ్ళ చేత కడిగించారు, అయినా అంకెలు పడిపోతూనే ఉన్నాయి. అద్దం పూత లోపలిదాకా పాడై ఉంటుందన్నారు. క్వార్టర్ల వరసలో ఆ మాట ఇంటింటికీ పాకింది.

వారం గడిచింది. ఒక పొద్దున బాబాయి టీ గ్లాసు పట్టుకుని కూర్చుంటే భార్య ఆయన మోకాళ్ళకు నూనె రాస్తోంది. మేడ మీద వాటాలో ఆవిడ అక్క ఉంటుంది. పొద్దున్నే ఇద్దరికీ నీళ్ళ పంపు దగ్గర మాటా మాటా వచ్చింది.

"ఏవండీ, ఎత్తున ఉన్నవాళ్ళకి కాలం వడిగా నడుస్తుందని చెప్పారుగా. అంటే మా అక్క నాకన్నా తొందరగా ముసలిదవుతుందా?"

"అవుతుంది."

"హమ్మయ్య. ఇవాళే చెప్తాను దానికి." ఆవిడ రెండో మోకాలు అందుకుంది. "మీరూ మూడంతస్తులు దిగారుగా, ఇక మీరూ నిదానంగా ముసలవుతారు. నా రోజులు బాగున్నాయి."

"మూడంతస్తులకి ఏం తేడా వస్తుందే పిచ్చిదానా. పదకొండు మీటర్లు. రోజుకి, సెకనులో వంద కోట్లో వంతు తీసుకుని, దాన్ని మళ్ళీ పది ముక్కలు చేస్తే..."

గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది.

రోజుకు ఒక ముక్కలో పదోవంతు. పది రోజులకు ఒక ముక్క. రెండు కణాలను జతగా ఒప్పుకోవాలంటే వాటి ఘడియల మధ్య తేడా అటొక ముక్క, ఇటొక ముక్క దాటకూడదు, అదే గీటు. పది రోజులు దాటితే సగం కవలలు గీటు అవతల పడతారు. ఇరవై రోజులకు దాదాపు అందరూ పడతారు. గోడ మీది క్యాలెండరు చూశాడు. గడియారం దించి మూడు వారాలైందని చూడకుండానే తెలుసు. రిజిస్టరులో ఆ గడి, గడియారం ఉన్న ఎత్తు, దాంట్లో తన చేతిరాత కళ్ళముందు నిలిచింది. గడియారం కిందికి దిగింది, అంకె పైనే ఉండిపోయింది.

"ఏమైందండీ? వేడిగా ఉందా?"

"లేదు" అన్నాడు. టీ చల్లారిపోయి చాలాసేపయింది.

ఆ పూటే వెళ్ళి చెప్పేసి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. ఆయన చెప్పలేదు. ఎందుకు దించావంటే ఏం చెప్పాలి? వేడి అని రాసిన కాగితం ఫైల్లో ఉంది. మోకాళ్ళని చెప్తే, మెట్లెక్కలేని మనిషికి ఇక్కడ ఏం పని అనరా? అదొక్కటే కూడా కాదు. బాబాయి మాటంటే మాటే అని ఇరవై రెండేళ్ళుగా వింటూ వచ్చిన చెవులకు ఇంకో మాట వినాలంటే భయం. మొదటిరోజు మేడమ్ గది దాకా వెళ్ళి, ఆవిడ ఫోనులో ఉందని తిరిగొచ్చాడు. ఫోను రెండు నిమిషాల్లో అయిపోయింది. అదీ చూశాడు.

రెండోరోజు ఇంకా అన్యాయమైన ఆలోచన వచ్చింది. ఎత్తు గడిలో సరైన అంకె వేసేస్తే సరి, పేరుకున్న తేడాను రోజుకు కాస్త చొప్పున సర్దేస్తే సరి. జతలు వాటంతట అవే మళ్ళీ కుదురుతాయి, ఎవరూ ఏమీ అడగరు. కలం మూత తీశాడు. అంకె మొదటి గీత పడబోతుండగా ఆ తరవాత జరగబోయేది కళ్ళముందు కనిపించింది. జతలు కుదిరిన రోజున అందరూ ఏమంటారు? ఆవిణ్ణి దించారు, అద్దం బాగుపడింది అంటారు. ఇప్పుడున్నది అనుమానమే, అప్పుడది రుజువైపోతుంది. ఆ రుజువు రాసేది తన చెయ్యే. కలం మూత పెట్టేసి, రిజిస్టరు మూశాడు.

అంత తెలిశాక కూడా ఇంకో రోజు ఊరుకున్నాడు. ఇది రాయడానికే సిగ్గుగా ఉంది, పడ్డవాడికి ఎలా ఉండి ఉంటుందో. పొద్దున్నే గడియారానికి చెయ్యి ఆనించి వరసగా అందరినీ తలుచుకుంటూ, అద్దాలమ్మ దగ్గరకొచ్చేసరికి ఆవిణ్ణి దాటేసి తరవాతి మనిషి దగ్గరకు వెళ్ళిపోయాడు. దాటేశానని తెలిసి మళ్ళీ వెనక్కి రాలేకపోయాడు. పైవాడికి తెలియకుండా దాచుకునే ఎత్తులూ పల్లాలూ ఉంటాయా.

మూడోరోజు మధ్యాహ్నం ఆవిడే ఎదురుపడింది. చేతుల నిండా అట్టపెట్టెలు, వేళ్ళకు ఎండిన జిగురు. బాబాయి గోడ వైపు తప్పుకోబోయాడు.

"మోకాళ్ళెలా ఉన్నాయి బాబాయిగారూ?"

"బాగానే ఉన్నాయమ్మా."

"కింద గదిలో గచ్చు చల్లగా ఉంటుంది, చెప్పుల్లేకుండా నిలబడకండి. స్టోరులో పాత చాప ఒకటుంది. తెచ్చిస్తాను."

అన్నట్టే సాయంత్రం చాప వచ్చింది, దులిపి, చుట్టి, తాడు కట్టి. దాన్ని విప్పడానికి ఆయనకు చెయ్యి రాలేదు. నాలుగోరోజు పొద్దున్నే, ఆఫీసు తెరవగానే, రిజిస్టరు చంకన పెట్టుకుని మేడమ్ గదిలోకి వెళ్ళి నిలబడ్డాడు.

"కూర్చోండి బాబాయిగారూ."

"నిలబడే చెప్తానమ్మా." "గడియారం మూడంతస్తులు దిగింది. లెక్క దిగలేదు. నేనే మరిచాను. దించింది కూడా వేడి వల్ల కాదు, నేను మెట్లెక్కలేక. ఈ సంగతి నాకు నాలుగు రోజుల కిందటే తెలిసింది. నాలుగు రోజులూ నోరు మూసుకున్నాను."

మేడమ్ చెయ్యి చాచింది. రిజిస్టరు తీసుకుని ఆ గడిని వేలితో కిందికంటా చూసుకుంటూ పోయింది. తరవాత కంప్యూటరు వైపు తిరిగి, పాత రోజుల అంకెలన్నీ తీసి, ఒక్కో రోజుకు పదోవంతు ముక్క చొప్పున జరిపింది. బాబాయి గోడకు ఆనుకోకుండా నిలబడ్డాడు. ఇరవై నిమిషాలకు తెర మీద జతలు ఒక్కటొక్కటే కుదరడం మొదలైంది. వెయ్యికి వెయ్యి. అద్దం మీద మచ్చ లేదు.

"నేను భూమిని అనుమానించాను" అంది ఆవిడ. "వ్యాసం మొదటి పేజీ రాసి కూడా పెట్టుకున్నాను. ఇంకో వారం ఆగితే పంపేసేదాన్ని." ఆ కాగితాన్ని సొరుగులోంచి తీసి, చింపకుండా, బోర్లా పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆయనకు.

ఇన్‌చార్జి వచ్చి అంతా విని, తల గోక్కున్నాడు. "పోనీలెండి బాబాయిగారూ, మీలాంటివారికి కూడా ఒక్కోసారి అవుతుంది. పెద్దది చేయకండి. ఆవిణ్ణి రేపట్నుంచి పైకి వెళ్ళమని చెప్పిస్తాను."

పోనీలెండి. ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. చేయని తప్పుకు ఆవిడకు దొరకని మాట అది. తనకు అడక్కుండానే దొరికింది.

"ఒకళ్ళ చేత చెప్పించకండి బాబూ. నేనే చెప్తాను" అన్నాడు.

స్టోరుకు దారి భవనం వెనకనుంచి. పద్దెనిమిది మెట్లు దిగాలి. ఆవిడ నేల మీద కూర్చుని, చీటీ వెనక జిగురు రాసి డబ్బాకు అంటించి, బొటనవేలితో ఒత్తుతోంది. ఆయన గుమ్మం దగ్గరే నిలబడి మేడమ్‌కు చెప్పినదంతా మళ్ళీ చెప్పాడు. ఈసారి దూది సంగతి, ఇన్‌చార్జి అన్న మాట, తను పక్కనే కూర్చుని విన్న సంగతి కూడా చెప్పాడు. కలం మూత తీసిన సంగతి దగ్గర ఆగాడు. ఆగి, అదీ చెప్పాడు.

ఆవిడ వింటూనే ఇంకో చీటీ అంటించింది. అది వంకరగా పడింది. గోటితో ఊడదీసి మళ్ళీ అంటించింది.

"నాలుగు రోజులు" అంది.

"నాలుగు రోజులమ్మా."

"చాప ఇచ్చినప్పుడు కూడా తెలుసు మీకు."

"తెలుసు."

ఆవిడ జిగురు డబ్బా మూత బిగించింది. "పై గది తాళం పోయినందుకు నాకేం లేదు బాబాయిగారూ. పని పనే, ఎక్కడైనా చేసుకుంటాను. మా అత్త నాతో మాట్లాడి పదకొండు రోజులైంది. ముప్పై ఏళ్ళు కాపాడిన అద్దం నీ చేతిలో పెడితే ఇలా చేశావా అంది. అంతే, ఆ తరవాత నోరు తెరవలేదు. కంచం పెడితే తింటుంది, తీసేస్తే ఊరుకుంటుంది. దూది డబ్బా తీసి తన మంచం కింద పెట్టుకుంది."

"అద్దానికి ఏమీ కాలేదని ఆఫీసులో మేడమ్‌కూ, ఇన్‌చార్జికీ చెప్పేశాను."

"ఆఫీసు వేరు. రేపు నేను ఇంటికెళ్ళి నా తప్పేం లేదట అంటే, ఉద్యోగం కోసం వాళ్ళ కాళ్ళు పట్టుకుని వచ్చి ఉంటాననుకుంటుంది. నా నోటితో చెప్తే నమ్మదు."

ఆయన ఒక చేత్తో గుమ్మం పట్టుకున్నాడు. ఆవిడ ముఖంలోకి చూడాలంటే ముఖం చెల్లడం లేదు. అయినా చూశాడు.

"అమ్మా, ఒక్క సాయం అడుగుతాను. కాదనే హక్కు నీకుంది. ఇవాళ పని అయ్యాక నన్ను మీ ఇంటికి రానివ్వు. లోపలికి పిలవక్కర్లేదు, కుర్చీ వేయక్కర్లేదు. మీ అత్తగారికి వినపడేటట్టు, నా నోటితో నన్నొకసారి చెప్పుకోనివ్వు."